యంత్రాల నాడి – 7: అదురులో ఏరిన పరిగె

కిందటి భాగంలో ఇద్దరిని కలుసుకున్నాం. ఒకరు న్యూయార్క్ బీమా కంపెనీలో పనిచేసిన ఇంజనీరు టి.సి. రాత్‌బోన్. యంత్రం ఎంత అదిరితే క్షేమం, ఎంత అదిరితే ముప్పు అన్నది 1939లో ఒక పటంగా గీసి అచ్చువేయించారు. అంతదాకా మేస్త్రీల వేలికొసల్లో ఉన్న జ్ఞానం కాగితం మీదికి వచ్చింది. రెండోవారు డొనాల్డ్ బెంట్లీ. తిరిగే షాఫ్టును తాకకుండానే దాని కదలికను కొలిచే ప్రోబ్‌లు తయారుచేసి, 1961లో కాలిఫోర్నియా నుంచి నెవాడా రాష్ట్రంలోని మిండెన్ అనే చిన్న ఊరికి మకాం మార్చారు. అక్కడ పుట్టిన బెంట్లీ నెవాడా ప్రోబ్‌లు ప్రపంచంలోని పెద్ద పెద్ద టర్బైన్లకీ కంప్రెసర్లకీ కాపలా కాశాయి.

ఆ భాగాన్ని ఒక ప్రశ్న దగ్గర ఆపాం. ఒక రిఫైనరీలో పెద్ద యంత్రాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉంటే, చిన్న పంపులు, మోటార్లు, ఫ్యాన్లు వందల్లో ఉంటాయి. వాటి నాడి ఎవరు చూడాలి?

చాలాకాలం మనిషే చూశాడు. మన బియ్యం మిల్లుల్లో మెకానిక్కులు ఇప్పటికీ స్క్రూడ్రైవర్ మొనను బేరింగు మీద ఆనించి, పిడికి చెవి ఒగ్గి వింటారు. లోపలి గుండ్లు సాఫీగా దొర్లుతున్నాయో, గీరుకుంటున్నాయో వాళ్లకు తెలిసిపోతుంది. పెద్ద కర్మాగారాల్లో ఆ స్క్రూడ్రైవర్ స్థానంలోకి భుజానికి తగిలించుకునే డేటా కలెక్టర్ పెట్టె వచ్చింది. దానికొక ప్రోబ్, ప్రోబ్ అడుగున అయస్కాంతం. ఒక్కో బేరింగు దగ్గర ఆగి, ప్రోబ్ అతికించి, అంకెలు పెట్టెలోకి ఎక్కేదాకా నిలబడి, తర్వాతి యంత్రానికి నడవాలి. ఎండలో, ఆవిరి గొట్టాల పక్కనుంచి, ఇనుప నిచ్చెనలెక్కి కూలింగ్ టవర్ ఫ్యాన్ల దాకా. ఒక రౌండు పూర్తయ్యేసరికి నెల తిరిగేది. బేరింగు మాత్రం క్యాలెండర్ చూసుకుని చెడిపోదు. ఇవాళ కొలత తీసి అంతా బాగుందని రాసిన పంపు వచ్చే వారమే పట్టేయవచ్చు. పంపు పట్టేస్తే దాని సీలు పోతుంది. సీలు పోతే లోపలి నూనె బయటికి చిమ్ముతుంది. రిఫైనరీలో ఆ తర్వాత ఏం జరుగుతుందో చెప్పనక్కర్లేదు.

మరి ప్రతి బేరింగుకీ శాశ్వతంగా ఒక సెన్సర్ బిగించవచ్చు కదా? సెన్సర్ ఖరీదు అసలు సమస్య కాదు. దానికి లాగే వైరుదే ఖర్చంతా. పేలుడు వాయువులు మసలే చోట వైరు ఊరికే వేలాడదీయడానికి వీల్లేదు. ఇనుప గొట్టంలోంచి లాగాలి, దానికి ప్రత్యేక అనుమతులు కావాలి, కొన్ని చోట్ల ప్లాంటునే ఆపాలి. అందుకే 2007 సెప్టెంబరులో వైర్‌లెస్‌హార్ట్ అనే ప్రమాణం వెలువడినప్పుడు పరిశ్రమలో ఉత్సాహం పొంగింది. సెన్సర్ తన కబురును రేడియోలో చెబుతుంది, ఒకదాని కబురు ఇంకొకటి అందుకుని కంట్రోల్ రూము దాకా చేరవేస్తుంది. కబురు మోసే వైరు పోయింది.

కరెంటు మోసే వైరు మాత్రం మిగిలిపోయింది. దాన్ని కూడా తీసేయాలంటే ప్రతి సెన్సర్‌లోనూ బ్యాటరీ పెట్టాలి. ఒక ప్లాంటులో 500 సెన్సర్లు ఉన్నాయనీ, ఒక్కో బ్యాటరీ 5 ఏళ్లు వస్తుందనీ అనుకుందాం. ఏడాదికి 100 బ్యాటరీలు మార్చాలి, అంటే వారానికి రెండు. నిచ్చెనలెక్కి కొలతలు తీసే మనిషిని తప్పించడానికి పెట్టిన సెన్సర్లు అదే మనిషిని అదే నిచ్చెన మీదికి బ్యాటరీతో పంపుతాయి.

ఈ ముడి విప్పడానికి కొందరు పరిశోధకులు అప్పటికే ఒక ఆలోచన పట్టుకున్నారు. సెన్సర్ కూర్చున్నదే కదులుతున్న యంత్రం మీద. యంత్రం అదురులో గతిశక్తి ఉంది, అది ఎలాగూ వృథాగా పోతోంది. ఆ అదురుతోనే సెన్సర్ కడుపు నింపితే? ఇంగ్లిషు వాళ్లు దీన్ని శక్తి కోత అని పిలిచారు. నాకైతే కోత కంటే పరిగె అన్న మాటే సరైనదనిపిస్తుంది. పంట కోసుకున్న రైతు ఇంటికి వెళ్లాక, మడిలో రాలిన వెన్నులు ఏరుకోవడం లాంటి పని ఇది. పంట యంత్రానిది. సెన్సర్‌కు దక్కేది పరిగె.

ఆలోచన మరీ కొత్తదేం కాదు. 1770ల్లోనే స్విట్జర్లాండ్ గడియారాల పనివారు, జేబులో మనిషి నడకకు ఊగే చిన్న బరువుతో స్ప్రింగు చుట్టుకునే వాచీలు చేశారు. 1980ల చివర్లో జపాన్ సీకో కంపెనీ ఆ ఊగే బరువుకు ఒక బుల్లి జనరేటర్ తగిలించి, చేతి కదలికతో కరెంటు పుట్టించే వాచీని అమ్మింది. 1956లో అమెరికాలో జెనిత్ కంపెనీ టీవీ రిమోట్‌కు బ్యాటరీయే లేదు. బటన్ నొక్కితే చిన్న సుత్తి అల్యూమినియం కడ్డీని కొట్టేది, చెవికి అందని ఆ మోతను టీవీ వినేది. ఇక మన సైకిల్ డైనమో ఉండనే ఉంది. టైరుకు ఆనించగానే పెడలు బరువెక్కడం ఒక తరం కాళ్లకు బాగా గుర్తు. కరెంటు ఊరికే రాదని స్కూలు పుస్తకం కంటే ముందు ఆ డైనమోయే నేర్పింది.

రెండు వంశాలు

కదలికను కరెంటుగా మార్చే దారులు ముఖ్యంగా రెండు. రెండూ 19వ శతాబ్దంలోనే దొరికాయి.

1831 అక్టోబరు 17న లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో మైకేల్ ఫారడే ఒక తీగచుట్టలోకి కడ్డీ అయస్కాంతాన్ని దూర్చి, బయటికి లాగారు. కదిలినంతసేపు తీగలో కరెంటు పుట్టింది. ప్రపంచంలోని జనరేటర్లన్నీ ఆ కదలిక సంతానమే. 1880లో పారిస్‌లో పియర్, జాక్ అనే క్యూరీ సోదరులు రెండో దారి కనిపెట్టారు. అప్పటికి తమ్ముడు పియర్‌కి 21 ఏళ్లు, అన్న జాక్‌కి 24. క్వార్ట్జ్, టూర్మలిన్ లాంటి స్ఫటికాలను నొక్కితే వాటి ముఖాల మీద విద్యుదావేశం తేలుతుందని చూపించారు. దీన్నే పీజో విద్యుత్తు అంటారు. గ్యాస్ స్టవ్ లైటర్ నొక్కినప్పుడు టక్కుమని లేచే నిప్పురవ్వ ఇదే.

ఫారడే వంశానికి అయస్కాంతం, తీగచుట్ట కావాలి. కరెంటు ధారాళంగా వస్తుంది కానీ పరికరం చిన్నదయ్యేకొద్దీ వోల్టేజి పడిపోతుంది. క్యూరీ వంశానిది తలకిందులు. వోల్టేజి దండిగా ఉంటుంది, కరెంటు పలుచన. పైగా పింగాణీలాంటి ఆ పదార్థం పెళుసు, ఏళ్ల తరబడి వంచితే బీటలిచ్చే భయం ఉంది. 1990ల మధ్య నుంచి యంత్రాల అదురు మీద కన్నేసిన పరిశోధకులు ఈ రెండు వంశాల వెనకా చేరారు.

తొలి లెక్క ఇంగ్లండులోని షెఫీల్డ్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది. సి.బి. విలియమ్స్, ఆర్.బి. యేట్స్ 1996లో అచ్చువేసిన పత్రంలో ఒక బుల్లి జనరేటర్‌ను కాగితం మీద కట్టారు. 5 మిల్లీమీటర్ల పొడవు, అంతే వెడల్పు, 1 మిల్లీమీటరు మందం. లోపల స్ప్రింగు మీద ఒక బరువు. సెకనుకు 70 సార్లు అదిరే చోట పెడితే 1 మైక్రోవాట్, 330 సార్లు అదిరే చోట పెడితే 100 మైక్రోవాట్లు వస్తాయని లెక్క తేలింది. మైక్రోవాట్ అంటే వాట్‌లో పది లక్షలవ వంతు. మరుసటి ఏడాది షెఫీల్డ్ వాళ్లు నిజంగానే ఒకటి చేసి చూస్తే, సెకనుకు 4,400 సార్లు ఊపినా 0.3 మైక్రోవాట్ మాత్రమే వచ్చింది. కాగితానికీ చేతికీ మధ్య దూరం అంత ఉంది.

అయినా ఆ పత్రం దారి చూపింది. ఎందుకో తెలియాలంటే బస్టాండులో ఇంజన్ ఆపకుండా నిలిపిన పాత ఆర్టీసీ బస్సును గుర్తు చేసుకోండి. బస్సంతా అదురుతూనే ఉంటుంది, కానీ ఒక్క కిటికీ అద్దం మాత్రం టకటకా కొట్టుకుంటుంది. డ్రైవరు యాక్సిలరేటర్ కాస్త నొక్కగానే ఆ అద్దం నోరు మూసుకుంటుంది, ఇంకెక్కడో ఒక రేకు అందుకుంటుంది. ప్రతి వస్తువుకూ తనదైన ఊపు ఒకటుంటుంది. బయటి అదురు సరిగ్గా ఆ ఊపుతో కలిసినప్పుడు చిన్న కుదుపు కూడా పెద్ద ఊగిసలాటగా పెరుగుతుంది. దీన్ని అనునాదం అంటారు. జనరేటర్ లోపలి బరువునూ స్ప్రింగునూ యంత్రం అదురుతో శ్రుతి కలిపితేనే పరిగె దొరుకుతుంది. కలవకపోతే ఆ బరువు పక్క కిటికీ అద్దంలా కదలకుండా కూర్చుంటుంది.

ఇందులో ఇంకొక మెలిక ఉంది. శ్రుతి ఎంత కచ్చితంగా ఉంటే అంత ఎక్కువ కరెంటు వస్తుంది, కానీ అంత ఇరుకవుతుంది. 100 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు 100 ఊపుల దగ్గర, బాగా పదును పెట్టిన జనరేటర్‌కు అటొకటి, ఇటొకటి హెర్ట్జ్ మాత్రమే జాగా. అదురు 97కి జారిందా, పస్తే. ఈ రంగంలో తర్వాత జరిగిన కథంతా, గెలుపులూ ఓటములూ కూడా, ఈ ఇరుకు చుట్టూ తిరిగినవే.

బర్క్‌లీలో అదురుల పట్టిక

అదే సమయంలో అమెరికా బర్క్‌లీలో క్రిస్ పిస్టర్ అనే ఆచార్యుడు 1997లో తెలివైన ధూళి అనే ప్రతిపాదన చేశారు. ధూళి రేణువంత సెన్సర్లు, ఒకదానితో ఒకటి మాట్లాడుకునేవి. ఆ ధూళికి తిండి ఎక్కడినుంచి తేవాలన్న ప్రశ్న విశ్వవిద్యాలయమంతా తిరిగింది. మెకానికల్ విభాగంలో పాల్ రైట్, ఎలక్ట్రికల్ విభాగంలో జాన్ రబాయ్ దగ్గర పరిశోధన చేస్తున్న షాడ్ రౌండీ దాన్ని అందుకున్నారు.

రౌండీ బృందం చేసిన మొదటి పని నాకు ఎంతో నచ్చుతుంది. జనరేటర్ కట్టే ముందు, లోకంలో ఏది ఎంత అదురుతుందో కొలిచారు. భూమి ఆకర్షణను 9.8 అనుకుంటే, అదే కొలతలో కారు ఇంజన్ గది 12, సెకనుకు 200 సార్లు. పెద్ద మెషీన్ టూల్ అడుగుభాగం 10, సెకనుకు 70 సార్లు. మిక్సీ లాంటి బ్లెండర్ 6.4, సెకనుకు 121 సార్లు. బట్టలు ఆరబెట్టే యంత్రం 3.5, అదీ 121 సార్లే. చిన్న మైక్రోవేవ్ ఓవెన్ 2.25, మళ్లీ 121. సీడీ తిరుగుతున్న ల్యాప్‌టాప్ 0.6. కుర్చీలో కూర్చుని గాబరాగా మడమ ఆడించే మనిషి 3, సెకనుకు ఒక్కసారి. 2003లో అచ్చయిన ఆ పట్టికను ఈ రంగంలో అడుగుపెట్టిన ప్రతివాళ్లూ చదివారు.

ఆ 121 మళ్లీ మళ్లీ ఎందుకు వస్తోంది? అమెరికాలో కరెంటు సెకనుకు 60 ఆవృత్తాలు. మోటారు లోపలి అయస్కాంతం కరెంటు ఇటు పారినా అటు పారినా ఇనుమును లాగుతుంది. ఒక ఆవృత్తానికి రెండు లాగుళ్లు, కాబట్టి 120. మన దేశంలోనూ ఐరోపాలోనూ కరెంటు 50, లాగుళ్లు 100. వీధి ట్రాన్స్‌ఫార్మర్ కింద నిలబడితే వినిపించే గుయ్యిమనే మోతకూ ఇదే లెక్క. వేర్వేరు కంపెనీలు, వేర్వేరు పనులు, వేర్వేరు బరువులు. అన్ని మోటార్లలోనూ ఒకే శ్రుతి ఉంది. అంటే ఒకే జనరేటర్ చేసి వేల యంత్రాలకు బిగించవచ్చు.

రౌండీ క్యూరీ వంశం వైపు మొగ్గారు. రెండు పీజో పొరల మధ్య లోహపు పట్టీ, ఒక కొస బిగించి, రెండో కొసకు టంగ్‌స్టన్ మిశ్రలోహపు బరువు. బల్ల అంచున స్కేలు నొక్కిపట్టి పిల్లలు మీటుతారే, అలాంటి అమరిక. మొత్తం 1 ఘన సెంటీమీటరు. సెకనుకు 120 సార్లు, 2.5 తీవ్రతతో అదిరిస్తే 375 మైక్రోవాట్లు వచ్చాయి. షెఫీల్డ్ 0.3 నుంచి ఇక్కడికి ఆరేళ్లు.

సౌతాంప్టన్ మలుపు

ఇంగ్లండు దక్షిణ తీరాన సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో ఇదే పని మరో దారిలో నడిచింది. నీల్ వైట్, స్టీవ్ బీబీ, జాన్ ట్యూడర్, పీటర్ గ్లిన్-జోన్స్. వీళ్లు మొదట క్యూరీ వంశంలోనే ఉన్నారు. పెళ్లికార్డుల మీద స్క్రీన్ ప్రింటింగ్ చేసినట్టే, పీజో ముద్దను ఉక్కు పట్టీ మీద అచ్చుగుద్ది కాల్చారు. చవకైన పద్ధతే, వచ్చింది మాత్రం కొద్ది మైక్రోవాట్లు. వాళ్లు పట్టుదలకు పోలేదు. వంశం మార్చి, పట్టీ కొసకు అయస్కాంతాలు అమర్చి, మధ్యలో తీగచుట్ట పెట్టారు. అలా చేసిన జనరేటర్‌ను ఒక ఫోక్స్‌వ్యాగన్ పోలో కారు ఇంజన్ మీద బిగించి 1.24 కిలోమీటర్లు నడిపించారు. సగటున 157 మైక్రోవాట్లు. ఇలాంటివి 57 వేలకు పైగా ఉంటే తప్ప 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు వెలగదు. అయినా 2004లో ఆ ఫలితం అచ్చయినప్పుడు లోకం చూసింది బల్బు వంక కాదు. ప్రయోగశాలలోని కంపన బల్ల వదిలి, రోడ్డు మీద తిరిగే నిజమైన ఇంజన్ నుంచి ఆ కరెంటు వచ్చింది.

అంత తక్కువ కరెంటుతో సెన్సర్ ఎలా పనిచేస్తుంది? దీనికి జవాబు మన ఇళ్లలోనే ఉంది. రోజూ ఎసరు పెట్టేముందు పిడికెడు బియ్యం పక్కన తీసిపెట్టే అలవాటు పాత తరం ఆడవాళ్లకు ఉండేది. రేడియో కబురు పంపడానికి, ఉదాహరణకి, 60 మిల్లీవాట్లు కావాలి, కానీ సెకనులో వందో వంతు సేపే. 100 మైక్రోవాట్లు వచ్చే జనరేటర్ ఆ శక్తిని 6 సెకన్లలో కూడబెడుతుంది. కబురు పంపేశాక సెన్సర్ దాదాపు ప్రాణం లేనట్టు నిద్రపోతుంది, ఈలోగా కెపాసిటర్‌లో పిడికెడు పిడికెడుగా నిండుతుంది. గంటకోసారి కబురు చాలంటే, పరిగె ధాన్యం గాదెకు చేరినట్టే. అందుకే ఈ చరిత్రలో జనరేటర్లు చేసినవాళ్లతో పాటు తక్కువ తినే చిప్‌లు చేసినవాళ్లకూ సగం వాటా ఇవ్వాలంటాను. చెన్నైలో పుట్టిన అనంత చంద్రకాసన్, ఆయన శిష్యుడు రాజీవన్ అమృతరాజా 1998లోనే అమెరికా ఎంఐటీలో 18 మైక్రోవాట్లతో నడిచే లెక్కల చిప్‌ను అదురు జనరేటర్‌కు జతచేసి చూపించారు. కుళాయిని పెద్దది చేయాలని అందరూ తంటాలు పడుతుంటే, వాళ్లు దాహాన్ని తగ్గించారు.

ఫారడే వంశానికి ఒక పాత బాధ ఉంది. బుల్లి తీగచుట్టలో పుట్టే కరెంటు అటూ ఇటూ ఊగుతుంది. దాన్ని ఒకే దిశకు మళ్లించే డయోడ్ గడప ఎత్తు సుమారు 0.6 వోల్ట్. పుట్టిన వోల్టేజి అంతకంటే తక్కువైతే ఆ కరెంటు గడప దాటదు, పుట్టిన చోటే పోతుంది. సౌతాంప్టన్ వాళ్లు వెంట్రుక కంటే సన్నని రాగితీగను వేల చుట్లు చుట్టి ఆ వోల్టేజి పెంచుతూ పోయారు. 2007లో 0.15 ఘన సెంటీమీటర్ల పరికరం సెకనుకు 52 సార్లు అదిరే చోట 46 మైక్రోవాట్లు ఇచ్చింది. ఆ అదురు తీవ్రత భూమి ఆకర్షణలో పదహారో వంతు కూడా లేదు. అరచేయి ఆనిస్తే లీలగా తెలిసేటంత.

అప్పటికే 2004లో విశ్వవిద్యాలయం నుంచి పెర్పెచ్యుమ్ అనే కంపెనీ పుట్టింది. లాటిన్‌లో ఆ మాటకు ఎడతెగనిది అని అర్థం. పేరు విని ఇది శాశ్వత చలన యంత్రమేమోనని ఎవరైనా అనుమానపడితే తప్పు. ఈ కరెంటు ఎక్కడినుంచో ఊడిపడలేదు. మోటారు గ్రిడ్ నుంచి తీసుకున్న శక్తిలో కొంత అదురుగా జారిపోతుంది, అందులో చిటికెడు సెన్సర్ తీసుకుంటుంది. పెర్పెచ్యుమ్ పరిమాణం తగ్గించే పోటీని వదిలేసి, పిడికిలిలో పట్టేటంత దిట్టమైన జనరేటర్ చేసింది. 100 హెర్ట్జ్‌కు ఒకటి, 120కి ఒకటి. బర్క్‌లీ పట్టికలో కనిపించిన ఉమ్మడి శ్రుతిని సరుకుగా మార్చింది వీళ్లే. కిందటి భాగంలోని బెంట్లీ నెవాడా 2002లో జీఈ చేతికి వెళ్లింది. కొన్నేళ్లకు అదే జీఈ తన వైర్‌లెస్ పర్యవేక్షణ వ్యవస్థకు పెర్పెచ్యుమ్ జనరేటర్‌ను జోడించింది. బెంట్లీ వదిలేసిన చిన్న పంపుల నాడి చూసే పని, మళ్లీ ఆయన పేరున్న సంస్థ దగ్గరికే వచ్చింది.

ఇక గెలిచినట్టేనా? కాదు. ఎదురుగా బ్యాటరీ నిలబడింది.

లిథియం థయోనైల్ క్లోరైడ్ బ్యాటరీ. గోడగడియారంలో వేసే పెన్సిల్ సెల్లంత ఉంటుంది, 3.6 వోల్టులు, 2.4 ఆంపియర్ గంటలు. వాడకపోతే ఏళ్లు గడిచినా దాదాపు అలాగే ఉంటుంది. సెన్సర్ సగటున 1 మిల్లీవాట్ తింటే ఆ సెల్లు ఏడాదిలో ఖాళీ. 100 మైక్రోవాట్లే తింటే లెక్క ప్రకారం దాదాపు పదేళ్లు. చంద్రకాసన్ లాంటివాళ్లు దాహం తగ్గించిన ప్రతిసారీ అదురు జనరేటర్ ఎంత లాభపడిందో, దాని పగవాడైన బ్యాటరీ కూడా అంతే లాభపడింది. పదేళ్లకోసారి సెల్లు మార్చడానికి ఏ మేనేజరూ భయపడడు.

రెండో దెబ్బ మోటార్ల నుంచే వచ్చింది. కరెంటు ఆదా కోసం కర్మాగారాలు మోటారు వేగాన్ని అవసరం కొద్దీ పెంచి తగ్గించే డ్రైవ్‌లు బిగించాయి. మంచి పనే. కానీ డ్రైవ్ ఉన్న మోటారుకు 50 అన్న శ్రుతి లేదు, ఇవాళ 38, రేపు 44. స్థిరమైన 100 హెర్ట్జ్‌ను నమ్ముకున్న జనరేటర్ పక్క కిటికీ అద్దమైపోయింది. మన గ్రిడ్ సంగతి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. 2003 జనవరిలో కొత్త టారిఫ్ పద్ధతి వచ్చేదాకా దక్షిణాది గ్రిడ్ పౌనఃపున్యం 48.5 కిందికి జారడం మామూలు విషయం. ఐరోపా గ్రిడ్ స్థిరత్వాన్ని చూసుకుని పదునుపెట్టిన జనరేటర్‌ను ఆ రోజుల్లో మన పంపుల మీద బిగించి ఉంటే, వేసవి సాయంత్రాల్లో అది పస్తులుండేది.

మూడోది ఇంకా లోతైన చిక్కు. బాగా అమర్చిన, ఆరోగ్యంగా ఉన్న యంత్రం తక్కువ అదురుతుంది. జబ్బుపడిన యంత్రం ఎక్కువ అదురుతుంది. యజమాని కోరుకునేది మొదటిది, సెన్సర్ కడుపుకు కావాల్సింది రెండోది.

కాబట్టి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఈ ఆలోచన కర్మాగారంలో పుట్టింది కానీ కర్మాగారంలో పూర్తిగా కుదురుకోలేదు. అది కుదురుకున్నది రైలు చక్రం దగ్గర.

రైల్వేవాళ్లను నిద్రపోనివ్వని మాట ఒకటుంది, హాట్ యాక్సిల్. ఇరుసు చివర బేరింగు చెడితే రాపిడికి కాలిపోతుంది, చివరికి ఇరుసే విరగవచ్చు. స్టేషన్‌లో ఆగకుండా పోయే బండికి రెండు వైపులా సిబ్బంది జెండాలు పట్టుకుని నిలబడటం చూసే ఉంటారు. అది మర్యాదకు కాదు. చక్రాల దగ్గర పొగ గానీ నిప్పురవ్వలు గానీ కనిపిస్తాయేమోనని వాళ్ల కళ్లు కింద వెతుకుతుంటాయి. ఆ బేరింగుకు వైరు లాగడం కష్టం, బోగీ కింద రాళ్లు ఎగిరి కొడుతుంటాయి. ఒక్కో బండికి పదుల చక్రాలు, బ్యాటరీ మార్చాలంటే బండిని డిపోకి తెచ్చి కిందికి దూరాలి. డ్రైవ్‌ల గొడవ ఇక్కడ లేదు. పట్టా అతుకులు, స్లీపర్లు, మలుపులు కలిసి చక్రాన్ని ఒక శ్రుతిలో కాక అన్ని శ్రుతుల్లోనూ గట్టిగా కుదుపుతాయి, ఇరుకు సమస్య సగం తీరిపోతుంది. బండి ఆగితే కరెంటు రాదు. ఆగిన చక్రంలో కొలవాల్సిందీ ఏమీ ఉండదు.

ఇరుసు నుంచి కరెంటు తీయడం రైలుకు కొత్త కూడా కాదు. 1890ల్లోనే లండన్ డెట్‌ఫర్డ్‌లోని జె. స్టోన్ కంపెనీ, ఇరుసుకు బెల్టు వేసి డైనమో తిప్పి పెట్టెల్లో దీపాలు వెలిగించింది. మన పాత ఐసీఎఫ్ పెట్టెల కింద బెల్టుతో తిరిగే ఆల్టర్నేటర్లు ఆ పద్ధతికి వారసులే, ఒక్కోటీ 4.5 కిలోవాట్లు. పెర్పెచ్యుమ్ జనరేటర్‌కు బెల్టు లేదు, తిరిగే భాగమే లేదు. ఇరుసుపెట్టె మీద బిగించి వదిలేస్తే చాలు. లండన్ నుంచి కెంట్ వైపు నడిచే సౌత్‌ఈస్టర్న్ సంస్థ తన ఎలక్ట్రోస్టార్ రైళ్ల చక్రాలకు వీటిని తొడిగింది. బేరింగు వేడి, అదురు, చక్రం చదునుబారిన చోటు, అన్నీ బండి నడుస్తుండగానే డిపోకి తెలిసిపోయాయి. అదే సెన్సర్ పట్టా ఎక్కడ పాడయిందో కూడా చెప్పసాగింది. చక్రం అదిరింది చక్రం తప్పువల్లా, పట్టా తప్పువల్లా అన్నది, అదే చోట ప్రతి బండీ అదిరితే తేలిపోతుంది కదా. 2021లో హిటాచీ రైల్ పెర్పెచ్యుమ్‌ను కొనుక్కుంది.

జెండా పట్టుకుని ప్లాట్‌ఫారం అంచున నిలబడే మనిషి అవసరం దీనితో తీరిపోయిందని నేను అనను. మన దేశంలో ఆ కళ్లే ఇప్పటికీ ఎన్నో బండ్లను కాస్తున్నాయి. ఆ కళ్లకు కనిపించకముందే, బేరింగు ఇంకా వేడెక్కకముందే హెచ్చరించే తోడు ఒకటి దొరికింది. దాన్ని మన చక్రాల మీద కూడా వీలైనంత త్వరగా, వీలైనన్ని ఎక్కువగా చూడాలి.

ఇంతకీ అదరని యంత్రం సంగతేమిటి? ఆవిరి గొట్టం అదరదు. కొలిమి గోడ అదరదు. వాటికీ సెన్సర్లు కావాలి, వాటిదీ అదే బ్యాటరీ బాధ. వాటి దగ్గర వృథాగా పోయేది కదలిక కాదు, వేడి. వచ్చే భాగం 1821లో బెర్లిన్‌లో మొదలవుతుంది. థామస్ జీబెక్ అనే శాస్త్రవేత్త రెండు వేర్వేరు లోహాలను కలిపి ఒక అతుకును వేడిచేశారు, పక్కనున్న దిక్సూచి ముల్లు కదిలింది. అది వేడి వల్ల పుట్టిన అయస్కాంతత్వమని ఆయన నమ్మారు. నిజానికి ఆ ముల్లును కదిపింది కరెంటు.